పెట్టె ముందు కంచం

మా ప్రయోగశాల తలుపు మీద "లోపలికి తినుబండారాలు తేరాదు" అని పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉంటుంది. రాయించింది నేనే. ఒకసారి మా డైరెక్టరుగారు వేరుశెనగల పొట్లంతో లోపలికి రాబోతే ఆయన్నీ గుమ్మంలోనే ఆపాను. అంత కచ్చితమైన మనిషిని. అలాంటిది నా కళ్ళెదుటే, నా అనుమతితోనే, నెలనెలా ఒక మనిషి స్టీలు కేరేజీ పట్టుకొచ్చి మా పెట్టె ముందు అన్నమూ చేపల పులుసూ వడ్డించేవాడు. ఎలా జరిగిందో చెబుతాను. చెప్పేటప్పుడు ఎక్కడైనా గర్వం వినబడితే అది నన్ను చూసుకుని కాదు, అతన్ని చూసి.

అతని పేరు కూర్మారావు. విశాఖపట్నం చేపలరేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని. ఐసు దిమ్మల్ని దింపి, మరలో వేసి పొడి చేసి, ఆ పొడిని బోట్లకు ఎక్కిస్తాడు. అతని భార్య ఢిల్లేశ్వరి అదే రేవులో చేపలు అమ్మేది. ఆ యేడు తుపాను వచ్చినప్పుడు గాలికి ఎగిరొచ్చిన రేకు ఒకటి ఆమె తలకు తగిలింది. మా పక్కనే ఉన్న ఆసుపత్రిలో డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేసి, చివరికి మెదడు చనిపోయిందని తేల్చారు. అవయవాలు ఇస్తారా అని కూర్మారావును అడిగారట.

"మా ఢిల్లమ్మ సేపలు తూకమేసినాక పైన ఇంకో రెండు ఏసి ఇచ్చీదండి. ఎవులడక్కపోయినా ఏసీది. తీసుకోండి" అన్నాడట.

ఇవ్వడానికి మనిషి ఉన్నాడు గాని, తీసుకోవడానికి ఎవరూ రాలేని పరిస్థితి. రోడ్ల మీద చెట్లు పడ్డాయి. విమానాలు లేవు. ఆసుపత్రి జనరేటరు ఐసీయూకే బొటాబొటిగా సరిపోతోంది, ఆపరేషను థియేటరు చీకట్లో ఉంది. బయటికి తీసిన కిడ్నీ ఐసులో పెట్టినా మహా అయితే ఒకటిన్నర రోజు నిలుస్తుంది. తర్వాత మట్టిపాలే. ఆ సమయంలో ఆసుపత్రి పెద్ద డాక్టరు తడిసి ముద్దయి మా గుమ్మంలోకి వచ్చాడు.

"రత్నమాలగారూ, మీ గాజు సంగతి ఎందాకా వచ్చింది?"

మా గాజు సంగతి పందుల దాకా వచ్చింది. పంది కిడ్నీలను గాజుగా మార్చి, కొన్ని వారాలు దాచి, మళ్ళీ మామూలు చేసి, పందులకే అమర్చి బతికించాం. మనిషి కిడ్నీని ముట్టింది లేదు. దాచడానికి అనుమతి ఉంది గాని, దాచినదాన్ని మళ్ళీ మనిషికి పెట్టడానికి లేదు. ఆ అనుమతి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదని కూర్మారావుకు విడమరిచి చెప్పాను. అతను తలూపాడు. మా సొంత జనరేటరు వెలుతురులోనే డాక్టర్లు రెండు కిడ్నీలూ బయటికి తీస్తే, వాటిని రెండు పెట్టెల్లో గాజు చేసి పెట్టాం.

కర్మకాండ అయ్యాక కూర్మారావు మా దగ్గరికి వచ్చాడు. గుండు మీద ఇంకా వెంట్రుకలు రాలేదు.

"ఐసులో పెట్టినారేటి, డాట్రమ్మగారూ?"

"ఐసులో కాదు. ఐసే దానికి శత్రువు."

"ఐసు కాకపోతే మరి గట్టిగెలా ఉంతాది?" అతని గొంతులో కొంచెం రోషం కూడా ఉంది. ఐసు మీద బతికే మనిషి కదా.

"సరే, నువ్వే చెప్పు. గడ్డకట్టిన చేప కరిగాక ఎలా ఉంటుంది?"

"మెత్తబడిపోద్ది. నీరోడిపోద్ది. లోపల ఐసు సూదులు కట్టీసి కండంతా సీరేస్తాది."

"అదే. మేం ఆ సూదుల్ని కట్టనివ్వం. రక్తనాళాల్లోంచి పాకంలాంటి చిక్కటి మందు ఎక్కించి గబగబా చల్లబరుస్తాం. నువ్వెప్పుడైనా జనరల్ బోగీ ఎక్కావా?"

"ఎక్కకేటి? పలాస దాకా నిలబడే ఎల్తాను."

"జనం తీరిగ్గా ఎక్కి, బల్లల మీద వరుసగా కూర్చున్నారనుకో, అది ఐసు. బండి కదిలిపోతోందని అందరూ ఒక్కసారే తోసుకొచ్చి, ఎక్కడివాళ్ళక్కడ ఇరుక్కుపోయారనుకో, అది గాజు. ఎవరూ కదలలేరు కాబట్టి గట్టిగా ఉంటుంది. అంతేగాని ఎవరూ వాళ్ళ చోట్లో లేరు."

కూర్మారావు "అలగ ఇరుక్కున్నోల్లకి కాల్లు పీకవేటి?" అన్నాడు.

నేను నవ్వాను. అణువులకు కాళ్ళుండవన్నాను. అతనూ మొహమాటానికి నవ్వి వెళ్ళిపోయాడు.

తర్వాతి నెలలో ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. చేతిలో నాలుగు గిన్నెల కేరేజీ. ఆ రోజు ఢిల్లేశ్వరి పోయిన తిథి. వాళ్ళలో ఏడాది తిరిగే దాకా నెలనెలా పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి కంచంలో పెడతారట. ఇంట్లో పటం ముందు పెట్టబోయి ఆగిపోయాడట.

"మడిసి ఇక్కడుంతే అక్కడెవులికి పెట్టమంతారు? సెప్పండి" అన్నాడు.

నాకు కొంచెం చిరాకూ, కొంచెం జాలీ కలిగాయి. సరే, తలుపు బయట వరండాలో పెట్టుకుని వెళ్ళమన్నాను. అతను బోర్డు వైపు చూశాడు. చదువు రాదుగాని దాని భావం అర్థమైనట్టుంది.

"తలుపేసుకున్న ఇంటిముందు కంచం పెట్టీసి ఎల్లిపోతే ఎవులు తింతారమ్మా?"

చాలా పెద్ద పెద్ద సమావేశాల్లో చాలా వంకర ప్రశ్నలకు జవాబులు చెప్పాను. దీనికి మాత్రం తలుపు తీశాను. లోపలికి రమ్మన్నాను. పెట్టె ముందు కంచం పెట్టి, అన్నం వడ్డించి, పులుసు పోసి, పెట్టె మూత వైపు చూస్తూ నిలబడ్డాడు. మూత కూడా తియ్యాలన్నమాట.

మా ప్రయోగశాలలో గాజు సంగతులన్నీ చూసేవాడు ఖాదర్‌వలీ. నంద్యాలవాడు. తనకు పెళ్ళిచూపుల్లో కూడా ఉష్ణోగ్రతలే గుర్తొచ్చాయని మేమంతా ఏడిపిస్తుంటాం. అతను మా ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడ్డాడు.

"ఏం మేడమ్, మీరే ఇట్లంటే ఎట్ల? మూత తీస్తే సలవంతా పోతాది. ముల్లు గీత దగ్గరికి పోతాది. దాటిందంటే ఇంక అంతే!"

గీత అంటే ఉష్ణోగ్రత మీటరు మీద గాజు మెత్తబడడం మొదలయ్యే చోటు. మరీ అడుగుకు చల్లబరిస్తే గాజు పగులుతుంది, గీత దాటితే పాకంలా కరిగి లోపల ఐసు సూదులు మొదలవుతాయి. అందుకని గీతకు కాస్త కింద నిలిపి ఉంచుతాం. వలీ చెప్పింది అక్షరాలా నిజం. నేను మాత్రం పంతం పట్టాను. కుడి కిడ్నీ ఉన్న పెట్టెను ఎవరూ ముట్టకూడదు, అది ప్రయోగానిది. ఎడమ కిడ్నీ ఉన్న పెట్టె మూత నెలకొకసారి తీద్దాం, అది కూర్మారావుది.

"ఎంతసేపు తియ్యాల?" వలీ పళ్ళు నూరుతూ అడిగాడు.

"అన్నం మీద ఆవిరి ఆగీదాకా బాబూ. పోయినోల్లు తినీది ఆవిరే కదా" అన్నాడు కూర్మారావు.

మూత తీశాం. పెట్టెలోంచి తెల్లటి చల్లటి పొగ అంచుల మీదుగా కిందికి జారింది. కంచంలోంచి వేడి ఆవిరి పైకి లేచింది. రెండూ కలిసిన చోట కూర్మారావు చేతులు జోడించి నిలబడ్డాడు. పక్కన ముల్లు మెల్లగా గీత వైపు జరుగుతుంటే వలీ పెదవులు కదుపుతూ దువా చదువుకుంటున్నాడు. ఆ చలికి అన్నం తొందరగానే చల్లారింది. ముల్లు గీతను ముట్టుకోబోయి ఆగింది. మూత వేసేశాం.

అలా నెలనెలా సాగింది. చల్లారిన అన్నం మేడ మీద కాకులకు పెట్టేవాళ్ళం. ఒకటి రెండుసార్లు మాకూ ఒక ముద్ద పెట్టాడు. ఉప్పు అంటే ఉప్పా, సముద్రాన్ని మరిగించినట్టు ఉండేది. ఢిల్లేశ్వరికి అలాగే ఇష్టమట. ఆ రోజంతా మేం నీళ్ళు తాగుతూనే ఉండేవాళ్ళం. ఒకసారి డైరెక్టరుగారు వచ్చి ఇదేం వాసన అని ముక్కు ఎగబీలిస్తే, కొత్త రసాయనమండీ అన్నాను. మంచి రసాయనంలా ఉందే అని వెళ్ళిపోయాడు. ఒక నెల కూర్మారావు రావడం ఆలస్యమైతే గేటు దాకా నాలుగుసార్లు వెళ్ళొచ్చింది ఎవరనుకున్నారు? వలీ.

అంతా సరదాగా గడిచిందని కాదు. కూర్మారావు చెల్లెలు గౌరికి సంబంధం కుదిరింది గాని పెళ్ళి ముందుకు సాగడం లేదని మాటల్లో బయటపడింది. వదిన ఒంట్లోది పెట్టెలో ఉండగా కార్యం పూర్తయినట్టు కాదని, అలాంటి ఇంట్లో మేళం మోగకూడదని పెద్దలు అన్నారట. నేను చెప్తే వింటారు కదా అని ఒక ఆదివారం వాళ్ళుండే జాలారిపేటకు బయల్దేరాను. చదువుకున్నవాళ్ళకు ఇదొక జబ్బు.

వాళ్ళ పెద్ద పోలయ్య తాత వల నేస్తూ కూర్చున్నాడు. నన్ను గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద కూర్చుని, నేను చెప్పిందంతా విన్నాడు. గౌరి తలుపు చాటునుంచి వింటోంది.

"నువ్వు సదూకున్నదానివమ్మా. నాకొక్కటి సెప్పు. మా ఢిల్లీశ్వరి ఉన్నట్టా, పోయినట్టా?"

"పోయింది తాతా."

"మరి ఆ పెట్టిలోది?"

"అది... పోలేదు. అలాగని బతికీ లేదు. ఆగి ఉంది."

"ఆగినది కదలాల. నేదంతే మట్టిలో కలవాల. రెండిట్లో ఏదో ఒకటి అవ్వనీ తల్లీ, నానే దగ్గరుండి మేళం పెట్టిస్తాను."

తిరిగి వస్తుంటే బస్సులో నాకు మనసంతా ఏదోలా అయింది. గాజు అంటే ఇంకా ఎటూ తేలని పదార్థమని, స్థిమితపడే దారిలో మధ్యలో ఆగిపోయినదని ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పాను. ఒక ఇల్లు మొత్తం అలా ఆగిపోతుందని ఎప్పుడూ ఊహించలేదు. మా పెట్టెలో కిడ్నీ చెడకుండా ఉండడానికి ఒక ఆడపిల్ల పెళ్ళి, ఒక మనిషి ఏడుపు కూడా చలిలో ఇరుక్కున్నాయి. కూర్మారావు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అతను అడిగింది నెలకొకసారి మూత తియ్యమని, అంతే.

ఏడాది దగ్గర పడుతుండగా అనుమతి వచ్చింది. దానితోపాటే పున్నమ్మ వచ్చింది.

ఉద్దానం వైపు ఊరామెది. ఆ ప్రాంతంలో కిడ్నీల జబ్బు ఎంతమందిని తీసుకుపోతోందో అందరికీ తెలిసిందే. పున్నమ్మ భర్త దానితోనే పోయాడు, ఇప్పుడు ఆమెకూ అదే జబ్బు. ఆమె పలాసలో జీడిపిక్కలు వలిచే పని చేస్తూ ఒక్కగానొక్క కూతురిని చదివిస్తోంది. రక్తం ఎక్కించీ ఎక్కించీ ఆమె ఒళ్ళు ఎవరి కిడ్నీనీ రానివ్వని స్థితికి వచ్చింది. నూరుమందిలో ఒక్కరిది కూడా పడదన్నారు. ఎవరిదైనా పడినా, అది దొరికిన రోజే ఆమె పరిగెత్తుకు రావాలి. అలాంటివాళ్ళ కోసమే కదా మా గాజు. కిడ్నీ మనిషి కోసం ఎదురుచూడాలి గాని, మనిషి కిడ్నీ కోసం కాదు. ఢిల్లేశ్వరి కిడ్నీ పున్నమ్మకు అతికినట్టు సరిపోయింది.

"నీకు నయమయ్యాక ఏం కావాలి?" అని అడిగాను పరీక్షలు చేస్తూ. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకు నీళ్ళు కొలిచి ఇస్తారు.

"సెంబుడు నీల్లమ్మా. ఎత్తిన సెంబు దించకుండా ఒక్కపాలి తాగాలనుంది" అంది పున్నమ్మ. ఆపరేషను ఇంకా ఆలస్యమైతే ఆమె మిగలదని ఆసుపత్రివాళ్ళు నాతో విడిగా చెప్పారు. చేతికి సూది గుచ్చడానికి నరం కూడా దొరకడం లేదు.

రెండు పెట్టెల్లో ఏది తియ్యాలన్నదాని మీద చర్చే లేదు. ముట్టని పెట్టె శుభ్రమైంది. ఏడాదంతా ముల్లు గీత కిందనే నిలకడగా ఉంది. మూత తీసిన పెట్టెలోది ఎన్నోసార్లు గీత దాకా వెళ్ళొచ్చిన సరుకు, దాన్ని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు.

గాజును వెనక్కి తేవడమే అసలు గండం. నెమ్మదిగా వేడి చేస్తే దారిలో ఐసు పుడుతుంది. తొందరగా చేస్తే పైన వేడెక్కి లోపల చల్లగా ఉండి పగులుతుంది. అందుకని మందులోనే కంటికి కనబడనంత ఇనుప నలుసులు కలుపుతాం. తీగచుట్ట మధ్యలో పెట్టి కరెంటు పెడితే ప్రతి నలుసూ తన చోటే వేడెక్కుతుంది. కిడ్నీ అంతా ఒకేసారి మేలుకుంటుంది. పందుల దగ్గర ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు ఉదయం ఎండ బాగా కాస్తోంది. పక్కన ఆసుపత్రిలో పున్నమ్మను థియేటరుకు తీసుకెళ్ళడానికి సిద్ధం చేశారు. తెలుసుకునే హక్కు ఉంది కాబట్టి కూర్మారావుకు కబురు పెట్టాను. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. వలీ స్విచ్చి వేశాడు. కుడి కిడ్నీ తీగచుట్టలో తేనెరంగులో మెరుస్తోంది. ముల్లు గీత వైపు లేచింది.

టక్కుమని చప్పుడైంది.

వేడి టీ పోస్తే గాజుగ్లాసు చిట్లిన చప్పుడు ఉంటుందే, అంతే. అద్దంలోంచి చూస్తే కిడ్నీకి అడ్డంగా ఒక గీటు. కళ్ళ ముందే ఇంకొకటి. వలీ స్విచ్చి ఆపేశాడు. ఏడాది దాచినది ఒక్క క్షణంలో పనికిరాకుండా పోయింది.

వరండాలోకి నేనే వెళ్ళి చెప్పాను.

"మీదా, నాదా?" అన్నాడు కూర్మారావు.

"మాది."

"ఐతే నాది ఉంది కదమ్మా."

"ఉంది. కాని ముట్టనిదే పగిలింది. నీది మూత తీసీ తీసీ..." అని ఆగాను. ఆగకపోయినా బాగుండేది, ఆగడంతో అతనికి మొత్తం అర్థమైంది.

"నానే పాడుసేసినానేటి? కంచాలు పెట్టీ పెట్టీ నానే పాడుసేసినానా? అక్కడ మడిసి ఎదురుసూస్తంది కదమ్మా!"

"మూత తీసింది నేను, కూర్మారావ్" అన్నాను. "నువ్వు కాదు."

లోపలికి వచ్చేసరికి వలీ రెండో పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. నన్ను తప్పుపట్టే హక్కు ఆ గదిలో ఎవరికైనా ఉంటే అతనికే ఉంది. మొదటి రోజే వద్దన్నవాడు. "నిలబడండి మేడమ్, ఈసారి మీరు ముల్లు చూడండి, నేను కిడ్నీ చూస్తా" అన్నాడు.

ఎడమ కిడ్నీ తీగచుట్టలోకి వెళ్ళింది. ముల్లు లేచింది. ప్రతి నెలా అది ఆగిపోయే చోటు నాకు కంఠతా వచ్చు. ఆ చోటు దాటింది. గీత దాటింది. నేను చెవులు రిక్కించాను. తీగచుట్ట సన్నటి రొద తప్ప ఇంకేమీ లేదు. ముల్లు పైకి, ఇంకా పైకి వెళ్ళింది. తేనెరంగు పోయి కిడ్నీ మామూలు మాంసం రంగుకు, మెత్తదనానికి వచ్చింది.

"ఒక్క గీటు లే మేడమ్" అన్నాడు వలీ. "ఒక్కటన్నా లే!"

మందు కడిగేసి, దాన్ని పట్టుకుని పరుగున ఆసుపత్రికి వెళ్ళాం. పున్నమ్మ ఒంట్లో దాన్ని అమర్చి రక్తం వదిలారు. ముందు మచ్చలు మచ్చలుగా, తర్వాత అంతటా గులాబీరంగు పాకింది. మూత్రనాళం చివర ఒక బొట్టు కనబడింది. ఇంకో బొట్టు. ఆ తర్వాత ధార. థియేటరులో ఉన్నవాళ్ళందరం పెద్దవాళ్ళమే, చదువుకున్నవాళ్ళమే. మూత్రం చూసి చప్పట్లు కొట్టాం.

నేను మా ప్రయోగశాల వరండాలోకి పరిగెత్తి, "పారింది కూర్మారావ్! నీదే!" అని అరిచాను. ఆ మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూలబడి ఏడ్చాడు. ఏడాదిగా నేను అతని కళ్ళలో నీళ్ళు చూడలేదు. పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

ఎందుకు జరిగిందో వలీ తర్వాత కనిపెట్టాడు. ప్రతి పెట్టెలోనూ కిడ్నీ పక్కన అదే మందుతో ఒక చిన్న సీసా ఉంచుతాం. ఆ రెండు సీసాలను రెండు ప్రత్యేకమైన కళ్ళద్దాల మధ్య పెట్టి వెలుతురులో చూపించాడు. గాజులో బిగువు ఉంటే అలా చూసినప్పుడు రంగులు కనిపిస్తాయి. ముట్టని పెట్టెలోని సీసా హరివిల్లులా చారలు చారలుగా ఉంది. కూర్మారావు పెట్టెలోని సీసాలో ఒక్క రంగూ లేదు. నిండా ప్రశాంతంగా ఉంది.

"మీ జనరల్ బోగీనే మేడమ్" అన్నాడు వలీ. "ఇరుక్కున్నోళ్ళు ఊరికే ఉండరు. కొంచెం కొంచెంగా జరగాలని చూస్తానే ఉంటారు. జరగనీకి సందు లేక ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో దిగుతాది. వారాల్లో తెలీదు, ఏడాదికి తెలుస్తాది. మూత తీసినప్పుడల్లా బండి ఒక కుదుపు కుదిపినట్లయింది. కుదుపుకు అందరూ సర్దుకున్నారు. దిగే టయానికి ఎవరి డొక్కలో ఎవరి మోచెయ్యీ లేదు."

అలా ఇరుక్కున్నవాళ్ళకు కాళ్ళు పీకవా అని కూర్మారావు అడిగితే నేను నవ్విన సంగతి నాకు గుర్తొచ్చింది. అతను అణువుల గురించి అడగలేదు, తన భార్యకు అక్కడ ఇబ్బందిగా ఉందేమోనని అడిగాడు. ఆ ఇబ్బంది తీర్చడానికే నెలనెలా వచ్చి నిలబడ్డాడు. మాకు తెలియక చేసిన పనికి ఫలితం దక్కింది. అతనికి మాత్రం తను ఏం చేస్తున్నాడో తెలుసు. భార్యకు అన్నం పెడుతున్నాడు. ఆ అన్నం ఆవిరి కోసం మూత తీయించినందుకు ఆ మనిషికి నేను ఎన్ని జన్మలు దండం పెట్టుకున్నా తక్కువే.

పగిలిన కిడ్నీని కుటుంబానికి అప్పగించాం. పోలయ్య తాత దగ్గరుండి దాన్ని సాగనంపి, ఏటికార్యం జరిపించాడు. ఆగినదాంట్లో ఒకటి మట్టిలో కలిసింది, ఒకటి కదిలింది. తాత మాట నిలబెట్టుకున్నాడు. గౌరి పెళ్ళిలో మేళం చెవులు హోరెత్తేలా మోగింది. వలీ, నేనూ మొదటి బంతిలోనే కూర్చున్నాం.

ఇప్పుడు మా దగ్గర పెట్టెలు చాలా ఉన్నాయి. నెలకొకసారి ప్రతి పెట్టెనూ గీత దాకా తీసుకెళ్ళి మళ్ళీ చల్లబరచడం మా పద్ధతిలో చేరింది. ఒక్క పెట్టెతో ఏదీ రుజువు కాదని వలీ మొదట్లో గొణిగాడు గాని, ఆ తర్వాత ఒక్కటీ పగల్లేదు. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరు పెట్టాం. ప్రయోగశాలలో మాత్రం ఎవరూ ఆ పేరు వాడరు. "అయిదో పెట్టెకు భోజనం అయిందా?" అని అడుగుతారు. నేను రాయించిన బోర్డు కిందే నిలబడి అడుగుతారు.

పున్నమ్మ చెంబుడు నీళ్ళు తాగింది. దించకుండా తాగి, తుడుచుకోకుండా నవ్వింది. ఆ తర్వాత నెలనెలా పరీక్షకు వస్తుండేది. ఎవరి కిడ్నీ ఎవరికి పెట్టామో చెప్పకూడదన్నది మా నియమం. పేపర్లో "గాజు కిడ్నీ మహిళ" అని ఆమె ఫోటో పడ్డాక, లోకంలో అప్పటికి గాజు కిడ్నీ ఒక్కటే ఉన్నప్పుడు, ఆ నియమం ఎంత గుట్టు దాచిందో మీరే ఆలోచించండి. అయినా నియమం నియమమే. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఒక రోజు పున్నమ్మ పరీక్షలయ్యాక మా వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. గేటులోంచి కూర్మారావు వచ్చాడు. చేతిలో కేరేజీ. ఏటికార్యం అయిపోయాక అతను ఇటు రావలసిన పని లేదు. నేను వలీ వైపు చూశాను. వలీ ఉన్నట్టుండి కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఈమె ఏ రోజు వస్తుందో ఎవరు చెప్పారో నాకు అర్థమైంది.

"ఏమ్మా, ఏవైనా తిన్నావా?" అన్నాడు కూర్మారావు.

"పొద్దున్నుంచీ రగతాలు తీసీది, కూకోబెట్టీది, ఇదే పని అన్నా. ఇంకెక్కడ తినీది?" అంది పున్నమ్మ.

అతను కంచం తీసి ఆమె ముందు బెంచీ మీద పెట్టాడు. అన్నం వడ్డించి, పులుసు పోసి, అలవాటు ప్రకారం రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకున్నాడు. కంచంలోంచి ఆవిరి లేచింది. పున్నమ్మ ఆ ఆవిరి ఆగేదాకా ఆగలేదు. వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"పులుసు బాగుంది గాని, ఉప్పు సాల్నేదన్నా."

ఆ మనిషి చేతి ఉప్పు నాకు తెలుసు, ఈమె కిడ్నీ కోసం తగ్గించి వండుకొచ్చాడు.

"నీకు సాల్తాదమ్మా. నీకంతే సాల్తాది" అన్నాడు కూర్మారావు.

ఆమె తలొంచుకుని తిన్నది. ఏడాదంతా అతను నిండు కంచం పెట్టి, నిండు కంచమే వెనక్కి తీశాడు. ఇవాళ చూస్తుండగానే కంచం అడుగు కనిపించింది. కూర్మారావు గబగబా కేరేజీ గిన్నె ఎత్తి మారు వడ్డించాడు. పులుసు పోసి, ఆమె చాలు చాలంటున్నా వినకుండా పైన ఇంకో రెండు ముక్కలు వేశాడు.